లోపల పలచనిది, పైన మందంది

ఖరగ్‌పూర్ గోల్‌బజారులో మేజోళ్ళ దుకాణం ఆయన నా వంక రెండోసారి చూశాడు. ఆడవాళ్ళ తెల్ల మేజోళ్ళు, చిన్న పాదానికి, ఒక జత అడిగినప్పుడు మామూలుగానే తీసిచ్చాడు. ఇంకో జత ఉన్నివి కావాలి, కాస్త మందంగా, అనేసరికి ఆగాడు. మార్చి నెల. ఫ్యాను కింద కూడా ఆయన చొక్కా వీపుకి అంటుకుని ఉంది. నిచ్చెన వేసుకుని అటక మీది అట్టపెట్టె దింపి, దుమ్ము దులిపి, మీగడ రంగు జత ఒకటి బయటికి తీశాడు.

"ఎక్కడికి దాదా, దార్జిలింగా?"

"కాదు, దగ్గరికే," అన్నాను.

అంతకు గంట ముందు అప్ప కూతురు ఫోన్ చేసింది. "మావయ్యా, అమ్మకి తెల్లసీర కట్టినాం. పువ్వులొచ్చినాయి, పెట్టె ఒచ్చింది. మేజోళ్ళు ఒకటే నేవు. నువ్వు తెస్తావేటి?" ఎన్ని జతలో ఆ పిల్ల చెప్పలేదు, నేనూ అడగలేదు. మనిషిని సాగనంపేటప్పుడు కాళ్ళకి తెల్ల మేజోళ్ళు తొడగడం మా దగ్గరి తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో అలవాటు. ఎవరికైనా ఒక జతే తొడుగుతారు. నేను రెండు ఎందుకు కొన్నానో చెప్పాలంటే ఆవిడ గురించి చెప్పాలి.

పేరు రాయను. రాసినా మా రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్‌లో చాలామందికి తెలీదు. బెంగాలీలకి మాసీమా, చర్చిలో కీమేన్ అమ్మ, నాకు అప్ప. మా పెద్దల ఊళ్ళ వైపు అక్కని అప్ప అంటారు. నేను ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్న. మతం వేరు, వీధి వేరు. ఒకనాడు నా చెప్పు ఉంగటం తెగి ఆవిడ అరుగు ముందు ఆగాను, అంతే. సూదీ దారం తెచ్చి తనే కుట్టింది. కుడుతున్నంతసేపూ నా ముఖం చూడలేదు, చెప్పు అడుగు చూసింది. "ఆపీసులో కూకుని రాసీ పనేనా తమ్ముడా? మడం అరగనేదు, వేళ్ళ కాడ అరిగింది. కుర్సీ కింద కాళ్ళు ఆడిస్తావు కావాల," అంది. నేను విలేకరినని అప్పటికింకా చెప్పలేదు.

ఎవరొచ్చినా ముందు కాళ్ళు చూసేది, తరవాత ముఖం. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, తల ఎత్తకుండానే, "ఏటి, ఎడమ కాలు ఈడుస్తున్నావు? సెప్పు అరిగిపోనాదా, ఇంట్లో ఏటైనా అన్నారా?" అనేది. ఒకసారి వాళ్ళ చర్చిలో పెళ్ళికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన పాస్టరు అయ్యగారు వేదిక ఎక్కుతూ ఉంటే నా వైపు వంగి గుసగుసగా, "బూటు బిగువు. ఈయేళ ప్రసంగం పొట్టిగా ఉంటాది సూడు," అంది. అయ్యగారు పావుగంటలో ముగించి కూర్చున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఎంతో భక్తిగా ఆమెన్ అంది.

ఆవిడ రైల్వేలో పట్టాల గ్యాంగు పని చేసింది. భర్త గ్యాంగులో ఉండగా చనిపోతే ఆ ఉద్యోగం ఆవిడకి ఇచ్చారు. ఆఖరి పదేళ్ళు కీమేన్. పట్టాల్ని పట్టి ఉంచే కీలు ఊడాయేమో, ఎక్కడన్నా పట్టా చిట్లిందేమో చూస్తూ, సుత్తి భుజాన వేసుకుని, తనకి ఇచ్చిన మేర ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ రోజూ నడిచే పని. ఆడమనిషిని కీమేన్ అంటారేటి, కీవుమన్ అనాలి కదా అని షెడ్డులో మగవాళ్ళు వేళాకోళం చేస్తే, "మేనో వుమనో కీకి తెలీదు బాబూ. సుత్తి దెబ్బ తెలుస్తాది," అనేదట.

కీకి తెలియకపోయినా బూట్ల గోదాముకి తెలుసు. అక్కడ ఉన్నవన్నీ మగ కాళ్ళకే. అన్నిటికన్నా చిన్నది ఆరో నంబరు, ఆవిడ పాదం నాలుగు. "ఆడకాలు లిస్టులో నేదమ్మా," అని గుమస్తా మర్యాదగానే చెప్పాడట. అలా సర్వీసంతా రెండు నంబర్లు పెద్దదైన బూటులో నడిచింది. ఆ నడకలోనే ఆవిడ చదువంతా జరిగింది. మేజోళ్ళు రెండు తొడగాలి, లోపల పలచనిది, పైన మందంది. "రాపిడి మేజోటికీ మేజోటికీ మజ్జిన జరగాల. సర్మానికి ఆ గొడవ తెలీకూడదు." మేజోటిలో మడత ఉండకూడదు. "పట్టా కింద రాయి ఉన్నట్టే అది." బూటు తాడు పాదం మీద వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా కట్టాలి. వేళ్ళు ఆడాలి, మడమ ఆడకూడదు.

బూటు గురించి ఆవిడ మాట్లాడే తీరు వేరు. చెప్పు కరిచిందని మనమందరం అంటాం, అని మరిచిపోతాం. ఆవిడ ఆ మాటని పట్టుకుని వదల్లేదు. కరిచేది కాబట్టి అది జంతువే. కొత్త బూటు కుక్కపిల్ల. కిర్రుమంటే మొరుగుతున్నట్టు. మెత్తబడితే పళ్ళు రాలినట్టు. కొత్త బూటుని కాలికి అలవాటు చేసుకోవడాన్ని మచ్చిక అనేది. "మచ్చిక కాకుండా బయిటికి తీసుకెల్లకు. నలుగురిలో కరుస్తాది."

ఏడేళ్ళ కిందట హిజ్లీ ఐఐటీ క్యాంపస్‌లో నాకు పరిచయం ఉన్న ఒక ప్రొఫెసరు చలికాలం మొదట్లో, నవంబరులో, హిమాలయాలకి బయల్దేరుతున్నాడు. స్పితి లోయలో, మంచు చిరుత కోసం. కెమెరాలు పట్టుకుని దాని అడుగుల వెంట ఆరేడు రోజులు నడవడం. ఆయన దాన్ని సరదాగా వేట అనేవాడు. పత్రిక తరఫున నేనూ వస్తానన్నాను. నాకు అప్పుడు యాభై ఒకటి. అప్పటిదాకా నేను రాసినవన్నీ రైలు ఆలస్యాలు, యూనియన్ ఎన్నికలు, కాలువ పూడికలు. మా ఎడిటరు మూడుసార్లు అడిగితే గానీ ఒప్పుకోలేదు. ప్రొఫెసరు ఒక్క షరతు పెట్టాడు. "పైన మోసేవాళ్ళు ఉండరు. ఒక్కరి పాదం చెడితే అందరం వెనక్కి దిగాలి. బయల్దేరే ముందురోజు అందరి పాదాలూ చూస్తాను. పుండు కనిపిస్తే ఆ మనిషి ఇక్కడే ఆగిపోతాడు." నాకున్నది ఈ ఒక్క అవకాశం. అది నా రెండు మడమల మీద ఆధారపడింది.

నేరుగా అప్ప దగ్గరికి వెళ్ళాను. "వేటకెళ్తున్నానప్పా. మంచి బూట్లు కావాలి," అన్నాను.

ఆవిడ పెద్దగా నవ్వింది. "వేటకి బూట్లేటి తమ్ముడా! మా నాన్న ఉట్టి కాళ్ళతో ఎల్లీవోడు. బూటేసుకుని పడవెక్కితే జారి సముద్రంలో పడతావు."

అప్పటికి గాని గుర్తు రాలేదు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం తీరంలో సముద్రం మీద బతికినవాడు. అక్కడ వేట అంటే చేపలే.

"సముద్రం కాదప్పా. కొండలు. మంచు కొండలు."

"కొండ మీద సేపలేటి?"

"చేపలు కాదు. చిరుతపులి."

ఒలుస్తున్న చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "సంపుతారా?"

"లేదు."

"తింటారా?"

"పులిని తింటామా అప్పా?"

"సంపరు, తినరు. మరి వేటేటి?"

"చూడ్డం. ఫొటో తియ్యడం. చూసింది చూసినట్టు రాయడం."

ఎగతాళి చేస్తుందనుకున్నాను. "నాదీ అదే కదా పని," అంది. "రోజంతా నడిసి సూడ్డం. కనబడితే సెప్పడం, నేకపోతే నేదని సెప్పడం." తరవాత నా కాళ్ళ వంక చూసింది. "ఎన్నాళ్ళుంది?"

"నెల రోజులు."

"సాలదు. అయినా సేద్దాం. ఠీక్ హై."

బూట్లు కొనడానికి ఆవిడే కలకత్తా వచ్చింది. పొద్దున్న లోకల్‌కి వెళ్దామంటే ఒప్పుకోలేదు. మధ్యాహ్నం బండికి వెళ్ళి సాయంత్రానికి దుకాణం చేరాలంది. "పొద్దున్న కాలు అబద్దం సెప్తాది. సాయంత్రానికి ఉబ్బుతాది. ఆ కాలితో కొనాల." ధర్మతలాలో దుకాణం మెట్లెక్కింది, నేతచీర, హవాయి చెప్పులు, చేతిలో నా మేజోళ్ళు రెండు జతలున్న సంచి. నడివయసు సేల్స్‌మేన్ లేచి నిలబడి, "మాసీమా, ఇది ఆడవాళ్ళ చెప్పుల దుకాణం కాదు, పక్కది," అన్నాడు బెంగాలీలో. ఆవిడ తన యాస బెంగాలీలో, "నాకు కాదు నాయనా, ఈ పిల్లాడికి. పులిని సూడ్డానికి ఎల్తన్నాడు," అంది. ఇద్దరూ కలిసి నా పొట్ట వంక చూశారు.

అతను నాకు ఎనిమిదో నంబరు తొడిగాడు. లోపల ఉన్నిపొర, చీలమండ దాటిన ఎత్తు, అడుగున మందమైన పళ్ళు. నాకు బాగానే ఉంది, అతనికీ బాగానే ఉంది. అప్ప తాడు విప్పించింది. పాదాన్ని ముందుకి తోయమని మడమ వెనక తన వేలు దూర్చింది. దూరలేదు.

"తొమ్మిది తియ్యి."

"మాసీమా, తోలు వాడేకొద్దీ సాగుతుంది."

"తోలు సంగతి నాకు సెప్పకు. సలికి బిగువు బూటేస్తే రత్తం ఆగిపోతాది, వేళ్ళు సచ్చిపోతాయి. కాలు సుట్టూ కాసింత గాలి ఉండాల. ఆ గాలే దుప్పటి."

ఆవిడ మంచు ఎన్నడూ చూడలేదు. దార్జిలింగు కూడా వెళ్ళలేదు. సేల్స్‌మేన్ మాత్రం లేచి తొమ్మిది తీశాడు. తొడిగాక నన్ను దుకాణం మెట్ల మీద దిగమంది, ఎక్కమంది, మళ్ళీ దిగమంది. దిగుతున్నప్పుడు వేళ్ళు బూటు ముందు గోడకి తగిలాయా అని అడిగింది. "ఎక్కేటప్పుడు బూటు మంచిదే. దిగేటప్పుడే దాని బుద్ది బయిటపడతాది." నేను ఏడుసార్లు దిగాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఎనిమిదోసారి దిగాక, "ఇదే," అంది. సేల్స్‌మేన్ నాతో మెల్లిగా, "ఆమెని ఇక్కడ ఉద్యోగానికి పంపగలరా?" అన్నాడు.

మచ్చిక మర్నాడు మొదలైంది. మొదటి మూడు రోజులు ఇంట్లోనే, వంటింటి నుంచి వీధి అరుగు దాకా. తరవాత వీధి చివరి దాకా. తరవాత స్టేషను ఓవర్‌బ్రిడ్జి మెట్లు. ఖరగ్‌పూర్‌లో కొండంటూ లేదు గనక ఆ మెట్లే నాకు కొండ. వీపున సంచి, సంచిలో పాత రిపోర్టుల కట్టలు. మంచుకి తయారైన బూట్లు తొడుక్కుని, ఉక్కకి తట్టుకోలేక లుంగీ పైకి కట్టుకుని నేను నడుస్తూ ఉంటే మూల మీద టీకొట్టతను గ్లాసు చేతిలో పట్టుకుని ఆకాశం వంక చూసేవాడు. "దాదా, ఈ రోజు మంచు పడుతుందంటారా?" రెండో రోజు నుంచి కొట్లో కూర్చున్నవాళ్ళు కూడా లేచి చేతులు రుద్దుకునేవాళ్ళు, చలి వేస్తున్నట్టు.

నాకు సిగ్గేసింది. మా వీధిలో ఒక గ్యాంగు కుర్రాడు ఉన్నాడు, నా బూటు సైజే, తొమ్మిదో నంబరు. వాడికి వారం రోజులు ఇస్తే వాడే మెత్తబరిచి ఇస్తాడు కదా అని అప్పని అడిగాను. గ్యాంగుల్లో ఇది మామూలే, కొత్తగా చేరినవాళ్ళ బూట్లు పాతవాళ్ళు తొడిగి నలిపి ఇచ్చేవాళ్ళు.

"ఆ తప్పు మా మరిది సేసినాడు," అంది. "నాకు మొదటి బూటు ఇచ్చినప్పుడు, ఒదినకి నొప్పి పెడతాదని, పది రోజులు తనే తొడిగినాడు పాపం. ప్రేమగా తెచ్చిచ్చినాడు. లోపల కాలు పెడితే ఏటుంది? మరిది కాలుంది. ఆడి బొటనేలు గుంట ఒక కాడ, నా బొటనేలు ఒక కాడ. ఏడాది పొడుగూ ఆడి కాలులో నడిసినాను. ఆడికి సెప్పలేను, తీసీలేను." చాలాసేపు నవ్వింది. "ఒకల కాలికి మచ్చికైంది ఇంకొకలకి అవదు తమ్ముడా. నవ్వీవోలు నవ్వుతారు. నువ్వు నడు."

నడిచాను. ఆవిడ పెట్టిన నియమాలన్నిటిలో గట్టిది ఒకటే: మడమ వేడెక్కితే కూర్చోవాలి. నొప్పి పుట్టాక కాదు, వేడి తెలిసినప్పుడే. ఎక్కడుంటే అక్కడ కూర్చుని, తాడు విప్పి, మేజోటి మడత సరిచేసి, ఎర్రబడిన చోట పట్టీ అంటించి, మళ్ళీ కట్టుకుని లేవాలి. "వేడిలో కూకున్నోడు నడుస్తాడు. నొప్పి దాకా ఆగినోడు కుంటుతాడు. అందరికీ తెలుసు. ఎవులూ కూకోరు. సిగ్గు."

పదమూడో రోజు ఓవర్‌బ్రిడ్జి మీద ఎడమ మడమ వేడెక్కింది. అప్పుడే రిటైరైన గార్డు ఒకాయన, నాకు తెలిసినాయన, నడక కోసం వచ్చి పక్కన కలిశాడు. "ఏమండీ, పులి వేటగాడా!" అని భుజం తట్టాడు. ఆయన ముందు మెట్ల మీద కూలబడి బూటు విప్పలేకపోయాను. ఇంకో నాలుగుసార్లు ఎక్కి దిగాను. ఇంటికి వచ్చి చూసుకుంటే మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు.

అప్పకి చూపించాను. తిట్టలేదు. చిక్కుడుకాయల చేట పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. బయల్దేరడానికి రెండు వారాలే ఉంది. ప్రొఫెసరు పాదాలు చూసే రోజుకి అది మానుతుందో లేదో తెలీదు. రెండు రోజులు ఇంట్లో కాలు చాపుకుని కూర్చున్నాను. ఎడిటరుకి ఏమని చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మూడో రోజు సాయంత్రం ఆవిడ మా ఇంటికి వచ్చింది. అన్నేళ్ళలో మా గడప తొక్కడం అదే మొదలు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేల మీద కూర్చుని, నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని, పట్టీ తీసి చూసి, మళ్ళీ వేసింది. అప్పుడు చెప్పింది, నా ముఖం చూడకుండా, నా మడమకి చెప్పినట్టు.

కీమేన్ అయిన కొత్తలో ఒక రోజు. మగవాళ్ళ ముందు కూర్చోలేక, వేడి దాచుకుని, నొప్పి దాకా నడిచింది. నొప్పి ముదిరింది. ఆఖరి అర మైలు మిగిలింది. ఎదురుగా చూస్తే పట్టాలు మామూలుగానే మెరుస్తున్నాయి. అక్కడి నుంచే వెనక్కి తిరిగింది. చివరిదాకా చూశానని పుస్తకంలో వేలిముద్ర వేసింది.

"ఏటైందప్పా?"

"ఏటీ అవనేదు. అదే. ఆ సాయంత్రం నాలుగు బళ్ళు ఎల్లినాయి. ఒక్కోటీ ఎల్లినప్పుడల్లా నానింట్లో కూకుని సెవులు మూసుకున్నాను. తెల్లారకుండా పోయి ఆ అర మైలూ నడిసి సూసినాను. అన్నీ బాగున్నాయి." నా కాలు ఒళ్ళోంచి దింపింది. "సూడకుండా సూసినానన్నాను. ఎవులికీ తెలీదు. బూటుకి తెలుసు. నీకు సెప్పినాను. ఇంక నువ్వు ఎక్కడైనా కూకో, ఎవులి ముందైనా కూకో."

లేచి వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "మొదటి రోజు నుంచి మళ్ళీ," అంది. "వంటింటి నుంచి వీధరుగు దాకా."

మానింది, అంతంతమాత్రంగా. ప్రొఫెసరు నా మడమ మీది గులాబీ రంగు కొత్త చర్మాన్ని టార్చి వేసి చూసి, వేలితో నొక్కి, సరే అన్నాడు.

స్పితి గురించి ఇక్కడ ఎక్కువ రాయను, అప్పట్లో రాశాను. నాలుగు రోజులు నడిచాం. బూటులో నా కాలు వెచ్చగా, పొడిగా, ఏ ఫిర్యాదూ లేకుండా ఉంది. రోజూ పొద్దున్నే పలచనిది లోపల, మందంది పైన, మడత లేకుండా. ఐదో పొద్దున్న మా దారి చూపే మనిషి పరుగున వచ్చాడు. ఎదుటి గట్టు మీద చిరుత ఉందని, కొండగొర్రెని కొట్టి దాని పక్కనే కూర్చుందని. అందరం దొరికింది దొరికినట్టు తొడుక్కుని లేచాం. గట్టు భుజం దాకా అరగంట ఎక్కాలి. సగం దారిలో ఎడమ మడమ వేడెక్కింది. ఆ తొందరలో మేజోటిలో మడత పడి ఉంటుంది.

ముందు ఐదుగురు ఎక్కుతున్నారు. ఎవరూ వెనక్కి చూడడం లేదు. ఇంకో పావుగంట ఓర్చుకుంటే చూడొచ్చు. నేను వచ్చిందే దానికి. ఓవర్‌బ్రిడ్జి గుర్తొచ్చింది. మంచులో కూర్చున్నాను. చేతి తొడుగులు తీసి, తాడు విప్పి, మేజోటి మడత సరిచేసి, పట్టీ వేసి, మళ్ళీ కట్టేసరికి వేళ్ళకి స్పర్శ లేదు. నేను పైకి చేరేసరికి వాళ్ళు ఒకర్నొకరు కౌగిలించుకుంటున్నారు. చిరుత రాళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. ప్రొఫెసరు విద్యార్థుల్లో ఒకమ్మాయి కెమెరా తెర మీద నాకు చూపించింది, అది తల తిప్పి చూస్తున్న బొమ్మ. తరవాత అక్కడిదాకా వెళ్ళి నేను చూసింది అది పడుకున్న చోటు. మంచులో నునుపైన గుంట, ఒక పక్కన తోక ఆనిన గీత.

పత్రిక డెస్కు నుంచి కబురు వచ్చింది: 'ముఖాముఖి చూసినట్టు రాయండి, నేను అనే రాయండి.' ఇంకెవరైనా అయితే తప్పని కూడా అనుకోరు. ఫొటో ఉంది, నేను అక్కడే ఉన్నాను, పదినిమిషాల తేడా. కిందికి దిగాక ఒక దాబాలో కూర్చుని రెండుసార్లు అలా మొదలుపెట్టాను. రెండుసార్లూ కొట్టేశాను. నేను చూడలేదు అని మొదటి వాక్యం రాశాను. ఎందుకు చూడలేదో రాశాను. గుంట గురించి రాశాను.

ఖరగ్‌పూర్‌లో దిగి ఇంటికి వెళ్ళకుండా సంచీతోనే అప్ప అరుగు దగ్గరికి వెళ్ళాను. వీధి మలుపులోనే నా అడుగు విని ఉంటుంది, తలుపు తీసి నిలబడి ఉంది.

"అప్పా, చిరుత..."

"పులి తరవాత. కాలు సూపించు."

అరుగు మీద కూర్చోబెట్టి బూట్లు లాగింది. మేజోళ్ళు తీసింది. కుడి పాదం తిప్పి పక్కన పెట్టింది. ఎడమ మడమ మీద బొటనవేలు మెల్లిగా నడిపింది, పట్టా మీద చెయ్యి పెట్టి చూసే మనిషిలా. ఒకచోట ఆగింది. అక్కడ పట్టీ మరక తప్ప ఏమీ లేదు.

"ఇక్కడ కూకున్నావు."

"కూర్చున్నాను."

"అందరి ముందూ?"

"వాళ్ళు ముందుకెళ్ళిపోయారు."

"పులో?"

"అదీ వెళ్ళిపోయింది. నేను చూడలేదప్పా."

నా పాదం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. "ఏటని రాసినావు?"

సంచిలోంచి పేపరు తీశాను. చదవమంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేస్తూ మొదటి నుంచి చివరి దాకా చదివాను. మధ్యలో ఒక్కసారే ఆపింది, తోక గీత దగ్గర. అది మళ్ళీ చెప్పమంది. అయిపోయాక చెయ్యి చాపింది. పేపరు ఇచ్చాను. దాచుకుంటుందనుకున్నాను.

నా వ్యాసం ఉన్న పేజీని నాలుగు ముక్కలుగా చింపి, ఒక్కొక్కటీ గుప్పిట్లో నలిపి, నా బూట్ల వేళ్ళ కొసల దాకా కూరింది. బూట్లు ఇంకా లోపల తడిగా ఉన్నాయి. పేపరుతో బూట్లు ఆరబెట్టడం ఆవిడ పాత అలవాటే. రంగు బొమ్మల కాగితం నునుపుగా ఉంటుంది, పనికిరాదనేది. నేను రాసినవన్నీ ఏళ్ళ తరబడి ఆవిడ ఇంట్లో అలాగే ఖర్చయ్యాయి.

రెండో బూటు కూడా నింపి, మెడ దగ్గర చేత్తో అదిమి, "ఇది బాగా పీలుస్తాది," అంది.

నా రాతకి అంతకు మించిన మెప్పు నాకు మళ్ళీ రాలేదు. నేను వెతకనూ లేదు.

ఆ తరవాత ఏడేళ్ళు ఆవిడ ఆ అరుగు మీదే ఉంది. ఒకసారి నేను ఆవిడ నంబరుకే, నాలుగుకి, మంచి తోలు బూట్లు తెచ్చి ఇచ్చాను. తొడుక్కుని అరుగు చివరి దాకా నడిచి వచ్చింది. ఎక్కడా కరవలేదు, ఎక్కడా వదులు లేదు. ఇబ్బందిగా చూసింది. "దీనికి నా అవసరమేటుంది? అన్నీ ఇదే సేసుకుంటాది," అంది. అయినా ఆదివారం ఆదివారం చర్చికి తొడుక్కెళ్ళేది. తెల్లచీర కింద నల్ల బూట్లు. అయ్యగారు కూడా ఆవిడ కాళ్ళ వంక చూడడం మొదలుపెట్టారని నాతో సంతోషంగా చెప్పింది.

మొన్న పొద్దున్న టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అరుగు మీద కూర్చుని వెళ్ళిపోయింది. చిక్కుడుకాయలు సగం ఒలిచి ఉన్నాయట. డెబ్బై మూడేళ్ళు.

నేను గోల్‌బజారు నుంచి పొట్లం పట్టుకుని వెళ్ళేసరికి వాకిట్లో షామియానా వేశారు. లోపల నలుగురు ఆడవాళ్ళు, కూతురు. పొట్లం విప్పి రెండు జతలు చూసింది. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ముందు తెల్లవి తొడిగింది. తరవాత ఉన్నివి చేతిలోకి తీసుకుంది.

"ఈ ఎండల్లో ఉన్నివేటే పిల్లా?" అంది పక్కింటావిడ.

"లోపల పలచనిది, పైన మందంది," అంది కూతురు. "మాయమ్మ అలగే ఏసుకునీది."

కుడి కాలికి సరిగ్గా ఎక్కింది. ఎడమ కాలికి తొడుగుతున్నప్పుడు ఆ పిల్ల తొందరగా లాగింది. మడమ వెనక చిన్న మడత పడింది. పాట మొదలైంది, పెట్టె మూత పట్టుకుని ఇద్దరు మనుషులు నిలబడ్డారు. ఒక్క నిమిషం ఆగమన్నాను. అందరి ముందూ కింద కూర్చుని, ఆ మడమ కిందికి చెయ్యి పోనిచ్చి, బొటనవేలితో మడత సాపు చేశాను. ఇంకోసారి తడిమి చూశాను.

అప్పుడు మూయమన్నాను.